అర్బన్ అవుట్‌ఫిటర్స్‌ను కదిలించింది నిరసన కాదు, దావా
అమెరికా దుస్తుల దుకాణాల సంస్థ అర్బన్ అవుట్‌ఫిటర్స్ అమ్మకానికి పెట్టిన వస్తువు మీద గొడవ రేగిన ప్రతిసారీ జరిగేది ఒకటే. ఫొటో చేతులు మారుతుంది, జనం మండిపడతారు, సరుకు వెబ్‌సైట్‌లోంచి మాయమవుతుంది. కొన్నాళ్లకు మరో వస్తువు వస్తుంది. 2010లో ‘ఈట్ లెస్’ (తక్కువ తిను) అని రాసిన టీషర్టు. 2013 డిసెంబరులో వినాయకుడి బొమ్మతో సాక్సులు. దేవుణ్ణి కాళ్లకు తొడుక్కోమంటారా అని హిందువులు అభ్యంతరం చెప్పాక వాటిని తీసేశారు. మరుసటి నెలలోనే, ‘డిప్రెషన్’ అనే మాటను ఒళ్లంతా అచ్చేసిన పొట్టి టాప్.

ఇన్నిసార్లు జరిగాక దీన్ని పొరపాటు అనలేం. 2014 సెప్టెంబరులో 129 డాలర్లకు పెట్టిన కెంట్ స్టేట్ యూనివర్సిటీ పాత స్వెట్‌షర్టునే చూడండి. 1970 మే 4న ఒహాయో నేషనల్ గార్డ్ సైనికుల కాల్పుల్లో ఆ క్యాంపస్‌లో నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. స్వెట్‌షర్టు మీద ఎర్రటి మరకలు, అక్కడక్కడా చిల్లులు. అది నెత్తురు కాదు, రంగు వెలిసి అలా అయింది, చిల్లులు వాడకంలో పడ్డవి అని సంస్థ చెప్పింది. అదే నిజమనుకుందాం. అయినా ఒకరు దాన్ని ఎంచి కొన్నారు, ఫొటో తీశారు, వివరం రాశారు, ధర కట్టారు. ఇన్ని చేతుల్లో ఒక్కటీ ఆపలేదు. ఆపాల్సిన అవసరం వ్యాపారపరంగా కనిపించలేదు కూడా: ఉన్నది ఒకే ఒక్క పీసు. వెనక్కి తీసుకుంటే పోయేది అదొక్కటే. కొద్దికొద్దిగా తెచ్చి త్వరత్వరగా మార్చే దుకాణానికి క్షమాపణ కన్నా చౌకైన పని లేదు.

ఖర్చు తగిలింది అమెరికా ఆదివాసీ తెగ నవాహోల దగ్గర. ఆ పేరుతో ఇరవైకి పైగా వస్తువులు అమ్మారు, లోదుస్తులు, మద్యం పోసుకునే ఫ్లాస్కు సహా. నవాహోల నేల మీద మద్యం అమ్మకమే నిషేధం. ‘నవాహో’ అన్న పేరు మీద వాళ్లకు 1943 నుంచీ ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. 2011లో లీగల్ నోటీసు, 2012 ఫిబ్రవరిలో న్యూ మెక్సికో ఫెడరల్ కోర్టులో దావా. ట్రేడ్‌మార్కుతో పాటు 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టాన్నీ పట్టుకున్నారు. ఆదివాసీలు చేయని సరుకును వాళ్లు చేసినట్టు అమ్మితే రోజుకు కనీసం 1,000 డాలర్ల చొప్పున పరిహారం అడిగే వీలు ఆ చట్టంలో ఉంది. ‘నవాహో’ అనేది డిజైన్ల శైలికి అందరూ వాడే మాటేనని సంస్థ వాదించింది. 2016 మేలో నవాహోల వాదనల్లో కొన్నింటిని కోర్టు కొట్టేసింది కూడా. అయినా ఆ నవంబరులో రాజీ కుదిరింది: సరఫరా, లైసెన్సు ఒప్పందంతో. నిరసనలు సాధించనిది రిజిస్ట్రేషన్ కాగితం సాధించింది.

మన నేతన్నలు ఈ కేసును జాగ్రత్తగా చదవాలి. పోచంపల్లి ఇక్కత్‌కు, శ్రీకాళహస్తి కలంకారీకి మన దేశంలో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. కానీ 1999 నాటి జీఐ చట్టం సరిహద్దు దాటదు. అమెరికాలో ఆ పేరుకు గట్టి రక్షణ కావాలంటే అక్కడ సర్టిఫికేషన్ మార్కుగా (సరుకు ఫలానా చోటిదేనని ధ్రువీకరించే గుర్తుగా) నమోదు చేయించాలి, డార్జిలింగ్ టీకి చేసినట్టు. ‘ఇక్కత్’ అన్న మాట మాత్రం ఎవరి సొత్తూ కాదు. మిల్లు గుడ్డ మీద అచ్చేసి ‘ఇక్కత్ ప్రింట్’ అని అమ్మితే అడ్డుకోవడం కష్టం. కాపాడుకోవాల్సింది ‘పోచంపల్లి’ని. పరాయి సరుకు మీద ఆ పేరు కనబడితే పేజీని తేదీతో సహా భద్రపరచాలి, ఒక పీసు కొని బిల్లూ లేబులూ దాచాలి, వెంటనే నోటీసు పంపాలి. చూసీ చూడనట్టు ఏళ్ల తరబడి వదిలేస్తే, ‘ఇది అందరి మాటే’ అన్న వాదనకు అవతలివాళ్లకు మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.