కత్తెర కత్తెరే కదా!

ఇది జరిగి ఇంకా ఒక రోజు కూడా కాలేదు. కుడి చంక కింద గుండుసూది గీరిన చోట మంట అలాగే ఉంది. కాబట్టి మధ్యలో ఎక్కడైనా మా ఆయన గురించి కాస్త ఘాటుగా రాసినట్టు అనిపిస్తే, అది ఆ మంట రాయించిందే అనుకోండి.

సంగతి ఏమిటంటే, డ్రెస్సు కుట్టుకున్నాను. మోకాళ్ల కిందిదాకా వచ్చే పొట్టి చేతుల కాటన్ డ్రెస్సు. ఇంటర్నెట్‌లో ప్యాటర్న్ (గుడ్డ కత్తిరించడానికి గీసిన కొలతల నమూనా) దొరికింది, ప్రింట్ తీశాను, ఇరవై రెండు కాగితాలు టేపుతో అతికించాను, గుడ్డ మీద పరిచి కత్తిరించి కుట్టేశాను. రాస్తే ఒక్క వాక్యం, చేస్తే మూడు ఆదివారాలు. ఆ ఆదివారాల గురించి అడక్కండి. బాబిన్ దగ్గర దారం పిచ్చుక గూడు కట్టడం, సూది విరగడం, గుడ్డను తిరగేసి కుట్టి మళ్లీ విప్పుకోవడం, ఇవన్నీ మిషన్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండేవే.

ఆ ప్యాటర్నే ఎందుకంటే, దాని మీద "జిప్పు అక్కర్లేదు, తల మీదుగా తొడుక్కోవడమే" అని పెద్ద అక్షరాల్లో ఉంది. నాకు జిప్పంటే హడలు. గిడియన్ సండ్‌బాక్ అనే ఇంజనీరు 1913లోనే ఇప్పుడు మనం వాడే జిప్పుకు రూపం ఇచ్చాడట. అంటే లోకం నూరేళ్లకు పైగా ఇబ్బంది లేకుండా జిప్పులు పెట్టుకుంటోంది. నేను కుడితే మాత్రం గుడ్డ ఒక దారి, పళ్లు ఒక దారి. కిందటిసారి స్కర్టుకు కుట్టిన జిప్పు కిందికి వెన్నలా జారింది. తిరిగి పైకి రాలేదు. అందుకే "జిప్పు అక్కర్లేదు" అన్న మాట చదవగానే ప్రాణం లేచొచ్చింది. జిప్పు అనేది బట్టలోకి వెళ్లడానికే కాదు, బయటికి రావడానికి కూడా అని అప్పుడు తట్టలేదు.

తెలివైనవాళ్లు అసలు కుట్టు వేసే ముందు పొడుగు టాకాలు వేసుకుని, తొడిగి చూసుకుంటారు. సరిపోకపోతే దారం కొస పట్టి లాగితే చాలు, సర్రున విడిపోతుంది. నాకు ఆ పనికి ఓపిక లేదు. పైగా ఇంతకుముందు కుట్టిన ఒక ప్యాంటు, నేను కుర్చీలో కూర్చోగానే వెనక తెరుచుకుంది. ఆ అవమానం మనసులో ఉంది కాబట్టి ఈసారి పక్క కుట్లు రెండు వరసలు వేశాను. మామూలుగా కాటన్‌కు కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు పెడతారు. నేను ఒకటిన్నరకు తగ్గించాను. ఏనుగు లాగినా ఊడకూడదని.

ఊడలేదు.

సాయంత్రం గదిలో అద్దం ముందు నిలబడి డ్రెస్సును తల మీదుగా వేసుకున్నాను. చేతులు చేతుల్లోకి వెళ్లాయి. తల మెడ దాకా వచ్చింది. అక్కడ మొదలైంది. డ్రెస్సు కిందికి దిగాల్సిన చోట దిగలేదు. కాస్త లాగాను. ఇంకాస్త లాగాను. ఛాతీ దగ్గర బిగుసుకుపోయింది. సరే, తీసేద్దాం అనుకుని పైకి లాగాను. పైకీ రాలేదు. చేతులు రెండూ నిలువుగా పైకి, మోచేతుల దగ్గర పొట్టి చేతుల్లో ఇరుక్కుని, తల గుడ్డ లోపల. బయటి నుంచి చూసేవాళ్లకు ఎవరో తుపాకీ చూపిస్తే లొంగిపోయిన లాంప్‌షేడ్‌లా కనిపించి ఉంటాను.

అలా ఇరుక్కున్న మనిషికి ఆలోచించుకోవడానికి చాలా సమయం దొరుకుతుంది. ముందుగా నాకు గుర్తొచ్చింది పోగు. నేసిన గుడ్డలో నిలువు పోగు, అడ్డ పోగు రెండూ సాగవు. ఐమూలగా, అంటే క్రాస్‌గా లాగితేనే సాగుతుంది. ప్యాటర్న్ మీద బాణం గుర్తు నిలువు పోగుకు సరిగ్గా సమాంతరంగా ఉండాలంటారు. జీవితంలో మొదటిసారి ఆ బాణాన్ని రెండు కొసల దగ్గరా టేపుతో కొలిచి, అంచు నుంచి దూరం సమానంగా ఉందో లేదో చూసుకుని మరీ పెట్టాను. ఎప్పట్లా అడ్డదిడ్డంగా పెట్టి ఉంటే కొంచెమైనా సాగేది. బుద్ధిగా నియమం పాటించినందుకు దక్కిన ఫలితం ఇది.

తర్వాత కుట్టు తెంపే ప్రయత్నం చేశాను. ఊపిరి బిగబట్టి, భుజాలు ఒక్కసారిగా విదిల్చాను. ఏమీ కాలేదు, చంక దగ్గర తీయడం మర్చిపోయిన గుండుసూది ఒకటి తన ఉనికిని తెలియజేసింది తప్ప. మళ్లీ విదిల్చాను. అది మళ్లీ తెలియజేసింది. ఇన్నేళ్లలో నేను వేసిన మంచి కుట్టు అదొక్కటే, అదీ నా మీదే. 1830లో ఫ్రాన్స్‌లో బార్తెలెమీ తిమోనియే అనే ఆయన కుట్టు మిషన్‌కు పేటెంట్ తీసుకుని, దానితో సైనికుల బట్టలు కుట్టించడం మొదలుపెడితే, దర్జీలు గుంపుగా వెళ్లి మిషన్లన్నీ పగలగొట్టారని ఎక్కడో చదివాను. చదివినప్పుడు ఆ దర్జీలు మూర్ఖులనుకున్నాను. నిన్న సాయంత్రం ఆరున్నరకు వాళ్ల పక్షం చేరిపోయాను.

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

పార్సిల్. నాకు తెలుసు అది పార్సిలే అని, దానిలో ఏముందో కూడా తెలుసు. మూడు మీటర్ల లినెన్. "బీరువాలో ఉన్న గుడ్డ అయ్యేదాకా కొత్త గుడ్డ కొనను" అని నేను ఈమధ్యే మా ఆయన ముందు ప్రకటించి ఉన్నాను. ఎవరూ అడగకుండానే, స్వచ్ఛందంగా. అందుకే ఆయన ఇంట్లో లేనప్పుడు వచ్చేలా చూసుకుందామనుకున్నాను. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎప్పుడైనా రావచ్చు అని చెప్పే డెలివరీవాళ్లతో ఆ ఏర్పాటు ఎలా కుదురుతుంది?

"ఎవరో వచ్చారు, చూడు!" పక్క గదిలోంచి మా ఆయన.

"మీరే చూడండి!" గుడ్డలోంచి నేను.

"ఏంటి, వినపడట్లేదు!"

"మీరే! చూడండి!"

అడుగుల చప్పుడు. తలుపు చప్పుడు. "ఓటీపీ అడుగుతున్నాడు!" అన్నారు. నా ఫోను మిషన్ పక్కన ఉంది. ఎక్కడో తెలుసు కానీ కనపడదు, కనపడినా చేతులు ఆకాశం వైపు ఉన్నాయి. "మీరే వచ్చి చూసుకోండి" అందామంటే, గదిలోకి వస్తే నన్నూ చూస్తారు. ఏది నయం అని బేరీజు వేసుకుంటుండగానే ఆయన వచ్చేశారు. గుమ్మంలో అడుగులు ఆగాయి. కాసేపు నిశ్శబ్దం.

"ఏం చేస్తున్నావు?"

ఈ ప్రశ్నకు జవాబేమిటో మీరే చెప్పండి. ఒక మనిషి రెండు చేతులూ పైకెత్తి, తల గుడ్డలో పెట్టుకుని నిలబడి ఉంటే, ఏం చేస్తున్నట్టు? "డ్రెస్సు వేసుకుంటున్నాను" అన్నాను హుందాగా. "ఓహో" అన్నారు. ఫోను తీసుకుని, నంబరు చదువుకుంటూ వెళ్లిపోయారు! పెళ్లాం గుడ్డ సంచీలో చిక్కుకుంటే, ముందు డెలివరీ అబ్బాయి టైం వృథా కాకూడదన్న సంస్కారం ఆయనది.

తిరిగొచ్చారు. అమ్మయ్య, విడిపిస్తారు అనుకున్నాను. బల్ల మీద ఏదో పెట్టిన చప్పుడు. తర్వాత ఇంకో చప్పుడు వినిపించింది.

కర్ర్... కర్ర్... కర్ర్...

కుట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. కుట్టనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఇంట్లో కత్తెరలు నాలుగున్నా, గుడ్డ కత్తెర ఒక్కటే ఉంటుంది. దానితో గుడ్డ తప్ప మరేదీ కత్తిరించకూడదు. కాగితం అసలు తాకించకూడదు, ఎందుకంటే కాగితం తయారీలో కలిపే సుద్ద, బంకమన్ను లాంటి ఖనిజాల పొడి అంచును అరగదీసేస్తుంది. ఇక ప్యాకింగ్ టేపు అయితే చెప్పనే అక్కర్లేదు, దాని జిగురు బ్లేడుకు పట్టుకుని, ఆ తర్వాత కత్తెర పడిన చోటల్లా గుడ్డను పీకుతుంది. నా గుడ్డ కత్తెర పిడికి గుర్తుగా ఎర్ర రిబ్బను కట్టాను. ఎందుకు కట్టానో మూడుసార్లు చెప్పాను. నాకు ఏమీ కనపడటం లేదు, కానీ తల్లికి బిడ్డ ఏడుపు తెలిసినట్టు ఆ శబ్దం తెలిసిపోయింది. నా కత్తెర అట్టపెట్టెను కోస్తోంది. టేపుతో సహా.

"ఆపండీ!" అని అరిచాను.

"ఏమైంది? సూది గుచ్చుకుందా?"

"అది గుడ్డ కత్తెర!"

"అయితే?"

"దానితో అట్ట కోస్తారా ఎవరైనా!"

అప్పుడన్నారు ఆ మాట. ఎంతో శాంతంగా, చిన్నపిల్లకు లెక్క చెప్తున్నట్టు: "కత్తెర కత్తెరే కదా."

ఆ క్షణంలో నా చేతులు ఖాళీగా లేకపోవడం ఆయన అదృష్టం.

తర్వాత విడిపించే కార్యక్రమం. "పక్క కుట్టు మీదే కత్తిరించండి, కుట్టు పోయినా ఫర్వాలేదు, గుడ్డ మిగలాలి" అని లోపలి నుంచి సూచనలిచ్చాను. ఆయన కత్తెర పెట్టారు. తెగలేదు. జిగురు పట్టిన కత్తెర గుడ్డను కొయ్యదు, నములుతుంది. నమిలింది. "మొద్దుబారినట్టుందే నీ కత్తెర" అన్నారు. నేనేమీ అనలేదు. పక్క కుట్టు రెండు వరసలు కదా, అక్కడ మందంగా ఉందని, నాకు చెప్పకుండా తేలిగ్గా ఉన్న చోటు వెతుక్కుని, డ్రెస్సు ముందు భాగం నడిమధ్యన కింది నుంచి మెడ దాకా కత్తిరించుకుంటూ వచ్చేశారు. వెలుగు కనపడింది. ఆయన మొహం కనపడింది. ఆయన వెనక బల్ల మీద, తెరిచిన పెట్టెలో మూడు మీటర్ల లినెన్ కూడా కనపడింది.

"ఇది ఎప్పుడు కొన్నావు?" అన్నారు.

గుండుసూది గీత చూపించి మాట మార్చాను.

రాత్రి నిద్ర పట్టక, ప్యాటర్న్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి పేజీలో చిన్న చదరం ఒకటి గీసి ఉంది. ప్రింట్ అయ్యాక కొలిస్తే పది సెంటీమీటర్లు ఉండాలట. కొలిచాను. తొమ్మిది పాయింట్ నాలుగు. కాగితానికి సరిపోయేలా కుదించమన్న టిక్కు ప్రింటర్ సెట్టింగుల్లో దానంతటదే పడి ఉంది, నేను చూసుకోలేదు. అంటే నూటికి 94. నా ఛాతీ కొలత 38 అంగుళాలు. ఊపిరి ఆడేందుకు లూజు కలిపి డ్రెస్సు 41 రావాలి. 94 శాతానికి అది ముప్ఫై ఎనిమిదిన్నర అయింది. అయినా నా చుట్టూ తిరిగి వచ్చేదే.

కానీ సూచనలు పదకొండు పేజీలు. మొదటి పేజీ నిండా "చాలా సులభం", "మొదటిసారి కుట్టేవాళ్లకు కూడా", "ఒక్క మధ్యాహ్నంలో పూర్తి" అని పూల బొమ్మల మధ్య రాసి ఉంది. పదకొండో పేజీ అడుగున, చీమ కాళ్లంత అక్షరాల్లో: "కుట్టు మార్జిన్ కలపలేదు." అంటే కుట్టులోకి పోయే అంచు గుడ్డను గీతకు అవతల మనమే వదిలి కోసుకోవాలని. ఈ మాట మొదటి పేజీలో రాస్తే సిరా ఎక్కువ ఖర్చవుతుందా? గీత మీద కోసి, అర అంగుళం లోపలికి కుట్టాను. రెండు పక్కలా, ముందు వెనక కలిపి నాలుగు అంచులు, రెండు అంగుళాలు మాయం. ముప్ఫై ఆరున్నర. 38 అంగుళాల మనిషి ముప్ఫై ఆరున్నర అంగుళాల గొట్టంలోకి, సాగని గుడ్డలోకి, అదీ చేతులు పైకెత్తి దిగింది. వీడియోలో ఆవిడ నవ్వుతూ తొడుక్కుని గిర్రున తిరిగింది. ఆవిడకేం, ఆవిడ చదరం పది సెంటీమీటర్లు ఉండి ఉంటుంది.

పొద్దున లేచి కత్తెరను స్పిరిట్‌తో తుడిచాను. జిగురు పోయింది కానీ కొస దగ్గర ఇంకా నములుతోంది, సాన పట్టించాలి. లినెన్‌ను నీళ్లలో నానబెట్టాను, ముందే కుంచించుకుపోతుంది కదా అని. డ్రెస్సును ముందు భాగంలో రెండుగా చీలిన స్థితిలోనే కుర్చీ మీద వేశాను. అది చూసి మా ఆయన "ఇలాగే బాగుంది, గుండీలు పెట్టెయ్" అన్నారు. కాజాలు కుట్టడమంటే ఏమిటో ఆయనకు తెలియదు.

ఇది రాస్తుండగానే గుమ్మం దగ్గరికొచ్చి అడిగారు. నెయిల్ కట్టర్ కనపడటం లేదట, ఆ ఎర్ర రిబ్బను కత్తెర ఒక్క నిమిషం ఇస్తావా అని.