హాప్ జల్లెడ వారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ స్టెయిన్‌లెస్ స్టీలు హాప్ జల్లెడ వారి సముఖానికి,

సియాటిల్ శివార్లలో, కారు బయట నిలిపి మరీ గ్యారేజీలో బీరు కాచుకుంటున్న ఒక తెలుగు గృహస్థు నమస్కరించి వ్రాసుకుంటున్న విన్నపం.

తమరు 300 మైక్రాన్ల (అంటే 0.3 మిల్లీమీటర్ల) కన్నుల నేత గలవారమని, బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వుల పిప్పిని వోర్ట్‌లో (పులిసి బీరయ్యే తీపి ధాన్యపు రసంలో) కలవనివ్వబోమని డబ్బా మీద పెద్ద అక్షరాలతో హామీ ఇచ్చి, మేము వోర్ట్ మరిగించే పెద్ద పాత్ర అయిన కెటిల్ అంచుకు కొక్కెం తగిలించుకుని, గొట్టంలా లోపలికి దిగి పదవీ స్వీకారం చేశారు. ఆనాటి నుంచి ఆగవలసినది కొంత దాటిపోతూనే ఉన్నది, దాటవలసినది మాత్రం చాలావరకు తమ దగ్గరే ఆగిపోతున్నది.

ఇందులో తప్పంతా తమదేనని అనను. కాలం మారింది. ఎండబెట్టిన హాప్ పువ్వులను పువ్వులుగానే కెటిల్‌లో వేసినప్పుడు అవి అడుగున చేరి తామే ఒక వడపోత పరుపుగా ఏర్పడేవి, వోర్ట్ వాటి సందుల్లోంచి తేటగా దిగేది. ఇప్పుడు మాకు చేరేవి ఆ పువ్వులను పిండి కొట్టి గట్టిగా ఒత్తిన పెల్లెట్లు. అమెరికా హాప్స్‌లో నాలుగింట మూడు వంతులు పండే యాకిమా లోయ మాకు కొండలకు అవతలే ఉన్నా, మా చేతికి వచ్చేది కోళ్ళ దాణాలా కనిపించే ఆ పచ్చటి గుళికలే. మరిగే వోర్ట్‌లో పడగానే అవి విచ్చుకుని బురద అవుతాయి. ఆ బురదలో సన్నపాటిది తమ కన్నుల్లోంచి దర్జాగా వెళ్ళిపోతుంది, ముతకది ఆ కన్నులకే అతుక్కుని జిగురు పూతగా మారుతుంది. అప్పుడు తమ గొట్టం లోపలి వోర్ట్ బయటి మట్టం కన్నా ఎత్తున నిలబడి, నురుగు కట్టి, అంచు దాటి పొంగి పొయ్యి మీద పడుతుంది. మాడిన చక్కెరను పొయ్యి మీద నుంచి గోకే భాగ్యం మాది.

ఇంకొక సంగతి. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు గంటసేపు మరుగులో తిరుగుతూ రూపం మార్చుకుంటేనే బీరుకు చేదు పడుతుంది. తమరేమో వాటిని లోపల ముద్దగా కూర్చోబెట్టి బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా చేస్తారు. చేదు తగ్గుతుందేమోనన్న భయంతో గుప్పెడు ఎక్కువ వేసేవారు ఉన్నారు. అలా వేస్తే పిప్పి ఇంకా పెరుగుతుంది కనుక తమ ప్రాముఖ్యం కూడా పెరుగుతుంది. ఈ ఏర్పాటులోని తెలివికి జోహార్లు.

1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం పుణ్యమా అని ఈ దేశంలో ఇంట్లో తాగడానికి కాచుకునే బీరు మీద ఫెడరల్ పన్ను లేదు. ఒక వయోజనుడికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి 200 గ్యాలన్లు. అప్పటిదాకా ఇంటి బీరును ఒప్పుకోని అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు కూడా 2013లో దారికి వచ్చాయి. (ఆంధ్ర, తెలంగాణలలో లైసెన్సు లేకుండా ఇదే పని చేస్తే ఎక్సైజ్ వారు కెటిల్‌తో సహా తీసుకుపోతారు కనుక, ఈ లేఖను అక్కడి బంధువులు కేవలం సాహిత్యంగా చదువుకోవాలి.) ప్రభుత్వమే వదులుకున్న పన్నును తమరు మళ్ళీ విధించారు. పైకెత్తినప్పుడల్లా పిప్పి పీల్చుకున్న వోర్ట్‌ను తమ కడుపులో ఉంచుకుంటారు. హాప్స్ దండిగా పడే హేజీ ఐపీఏ అనే మసక బీరు అయితే ఆ వసూలుకు హద్దే లేదు. రసీదు ఇవ్వరు.

తమ తమ్ముడు, గరాటు లోపల కూర్చునే ఆ గుండ్రటి జాలీ గురించి కూడా చెప్పుకోవాలి. చల్లార్చిన వోర్ట్‌ను పులియబెట్టే పాత్ర అయిన ఫర్మెంటర్‌లోకి పోస్తుంటే కాసేపటికే ఆయన కళ్ళు మూసుకుంటారు. ఒక చేత్తో బరువైన కెటిల్‌ను వంచి పట్టుకుని, రెండో చేత్తో క్రిమిరహితం చేసిన చెంచాతో ఆయనను గీకుతూ ఉండాలి. చల్లారిన వోర్ట్‌కు తగిలే ప్రతి వస్తువూ అడవి ఈస్ట్‌కు, బ్యాక్టీరియాకు దారి చూపగలదని తెలిసి కూడా, తేటదనం కోసం మేము చేసే సాహసమిది. మీ ఇద్దరితో విసిగినవారు రంగుల దుకాణంలో పెయింటు వడపోసే నైలాన్ సంచీ కొని దానితో పని గడుపుకుంటున్నారు. అది తమకు తగిన పోటీ.

అసలు ఈ పనికి ఇందరు ఉద్యోగులు అక్కరలేదు. వోర్ట్‌ను చల్లార్చే రాగి గొట్టపు చుట్టను బయటకు తీసి, పొడవాటి గరిటెతో వోర్ట్‌ను ఒకే దిశలో గట్టిగా తిప్పి, మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలేస్తే పిప్పి దానంతట అదే అడుగున మధ్యలో కుప్పపడుతుంది. అడుగు ఒరిపిడికి అక్కడి ద్రవం నెమ్మదించి, పైనున్న సుడి ఒత్తిడి దానిని మధ్యకు తోస్తుంది. టీ ఆకులు కప్పు మధ్యకే ఎందుకు చేరతాయో 1926లో ఐన్‌స్టీన్ వివరించినది ఇదే. పెద్ద బ్రూవరీలలో వోర్ట్‌ను ఏటవాలుగా తోసి తిప్పే వర్ల్‌పూల్ తొట్టెలు నడిచేది కూడా ఈ సూత్రం మీదనే. మరుగు ఆఖరి పది, పదిహేను నిమిషాల్లో కాస్త ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచు వేస్తే మాంసకృత్తులు కూడా ముద్ద కట్టి ఆ కుప్పలోనే చేరతాయి. కుప్పను కదిలించకుండా పక్క నుంచి సైఫన్ గొట్టంతో తేట లాగుకోవడమే మిగిలిన పని.

కొంత పిప్పి ఫర్మెంటర్‌లోకి జారితే కొంపలేమీ మునగవు. ఆ మడ్డిలోని కొవ్వు పదార్థాలు, జింకు ఈస్ట్‌కు మేతే. పులియడం ముగిశాక రెండు రోజులు ఫ్రిజ్ చలిలో ఉంచితే అంతా ఈస్ట్‌తో కలిసి అడుగున గట్టిపడుతుంది.

కనుక తమను మరిగే కెటిల్ విధుల నుంచి ఇందుమూలంగా తప్పిస్తున్నాము. నిరుద్యోగులను చేయడం మా ఉద్దేశం కాదు. తేట లాగేసిన తరువాత అడుగున మిగిలిన మడ్డిని తమలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఒక గిన్నె మీద కూర్చోబెడతాము. తీరిగ్గా కారిన వోర్ట్‌ను మళ్ళీ మరిగించి, వచ్చేసారి ఈస్ట్‌ను మేల్కొలపడానికి వాడుకుంటాము. తొందర లేని ఉద్యోగం, తమ స్వభావానికి సరిపోతుంది. తెల్లవారాక లోపలి పిప్పిని మాత్రం కంపోస్టు కుప్పలో వేయనీయకుండా, నేరుగా మూత ఉన్న చెత్తబుట్ట దాకా మోసుకుపోవాలి. హాప్స్ తిన్న కుక్కలకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది, పక్కింటివారి లాబ్రడార్‌కు మా కంచె అంటే లెక్కలేదు.

ఇట్లు,
పొయ్యి గోకి అలసిన
తమ కెటిల్ యజమాని