మేకలను పిలవండి, కాపరికి కూలి కట్టండి

వానాకాలం రాగానే విజయనగరంలో పెద్దచెరువు గట్టు, అయ్యకోనేరు గట్టు, కాలనీ పార్కులు పిచ్చిమొక్కలతో నిండిపోతాయి. యంత్రంతో కోయిస్తే పెట్రోలు ఖర్చు, కూలి ఖర్చు. రెండు వానలు పడితే పని మళ్లీ మొదటికే. ఏటవాలు గట్ల మీద యంత్రం పట్టుకుని నిలబడటమే కష్టం. న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ పార్కు 2019లో అలాంటి వాలు మీదే మేకలను దింపింది. అదే నగరంలోని సెంట్రల్ పార్కులో 1934 దాకా గొర్రెలు మేశాయి.

మన రైతుకు ఇది వింత కాదు. పంట కోశాక పొలంలో మంద కట్టించుకుని, ఎరువు కోసం కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తాడు. పల్లెలో అలా ప్రతిఫలం అందుకునే మనిషే పట్నం పార్కులో అడుగుపెడితే నేరస్థుడు, అతని మేకలు బందెలదొడ్డికి. మారాల్సింది ఇదే.

అలాగని గేట్లు బార్లా తెరిస్తే కొంప మునుగుతుంది. మేక అన్నీ తింటుందనుకోవడం అపోహ. వయ్యారిభామను సాధారణంగా ముట్టదు. చుట్టూ ఉన్న గడ్డిని మాత్రం మేసేస్తుంది, దాంతో ఆ కలుపుకు పోటీ తప్పి ఇంకా చెలరేగుతుంది. దాన్ని పూత రాకముందే తొడుగులు వేసుకుని మనుషులే పీకాలి. సర్కారుతుమ్మది మరో తంటా. కాయలను మేక ఇష్టంగా నములుతుంది, గింజల్లో కొన్ని అరగక పెంటికలతో పడి, పడిన చోట మొలుస్తాయి. కాయలు రాలే రోజుల్లో మందను అటు తోలకూడదు. పార్కుల్లో అందానికి నాటే గన్నేరు కొద్దిగా తిన్నా ప్రాణం పోవచ్చు. ఇక ముందుకాళ్లెత్తి నిలబడిన మేకకు లేత మొక్క చిక్కిందంటే చిగురే కాదు, బెరడూ మిగలదు. గొర్రెలు నేలబారు గడ్డికి, మేకలు పొదలకు. ప్లాస్టిక్ కవర్లు ఏరకుండా రెండింటినీ రానివ్వకూడదు.

ఇవన్నీ చూసుకునేది కాపరే. అందుకే ఒప్పందంలో రోజు కూలి, నీళ్ల తొట్టి, జీవాలకు పారుడు రోగం టీకాతో పాటు మందను ఎప్పుడు కదిలించాలో నిర్ణయించే హక్కు కూడా అతనికి ఉండాలి. గడ్డి వేరు దాకా పోతే తర్వాతి వానకు మొలిచేది కలుపే.

మేత ఉచితంగా ఇస్తున్నాం, కూలి ఎందుకని అధికారులు అడగవచ్చు. మనం చెప్పిన చోట, నడకకు వచ్చేవాళ్లు వెళ్లాక, వద్దన్న మొక్కలు తప్పించి మేపడం పనే కదా! పిల్లలు ఆడుకునే పార్కుల జోలికి ఇప్పుడే వద్దు. ముందు చెరువు గట్ల మీద, శ్రీకాకుళంలో అయితే నాగావళి ఒడ్డున, ఒక్క సీజను చేసి చూడవచ్చు.