వేళ్లు తరువాత మొలిచిన వంశవృక్షం

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో, పాత రైల్వే స్టేషన్ ముందు, 2021 జనవరిలో 23 మీటర్ల ఎత్తున్న కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. పగిలిన బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన తూర్పు రోమన్ సామ్రాజ్యపు) శిరస్త్రాణాన్ని పీఠంగా చేసుకుని నిలుచున్న ఆ మనిషి స్టెఫాన్ నెమాన్య. 1166 ప్రాంతం నుంచి 1371 వరకు, రెండు వందల ఏళ్లకు పైగా సెర్బియాను ఏలిన నెమానిచ్ వంశానికి మూలపురుషుడు. అంత పెద్ద విగ్రహాన్ని తలెత్తి చూసేవారికి ఆయన అనాదిగా వస్తున్న రాచకుటుంబంలో పుట్టిన వీరుడనే అనిపిస్తుంది. చరిత్ర అలా చెప్పదు. నెమాన్య గద్దె ఎక్కేనాటికి ఆయన వంశానికి పెద్ద పేరు లేదు. ఆ పేరును కుటుంబమే పూనుకుని, తరాల తరబడి, దానపత్రాలతో, సమాధులతో, గోడల మీది బొమ్మలతో కట్టుకుంది. బాల్కన్ చరిత్రలో ఇంత తెలివైన నిర్మాణం మరొకటి లేదని నా అభిప్రాయం.

నెమాన్య 1113 ప్రాంతంలో రిబ్నిత్సాలో పుట్టాడు. ఇప్పటి మాంటెనెగ్రో రాజధాని పోడ్గొరిత్సా ఉన్న చోటే అది. తండ్రి జవిదా కుటుంబ కలహాల వల్ల సొంత గడ్డ వదిలి అక్కడ తలదాచుకున్నాడు. జవిదా తండ్రి ఎవరన్న విషయంలో చరిత్రకారులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. సముద్రతీరానికి దగ్గరి ఆ ప్రాంతంలో రోమ్ చర్చి పూజారులే ఉండేవారు కనుక బిడ్డకు మొదట లాటిన్ పద్ధతిలో జ్ఞానస్నానం జరిగింది. కుటుంబం సెర్బియా పాలకుల కేంద్రమైన రాస్‌కు తిరిగి వెళ్లాక సనాతన గ్రీకు పద్ధతిలో మళ్లీ చేయించారు. రోమ్‌కూ కాన్‌స్టాంటినోపుల్‌కూ మధ్య నలిగిన నేల అది. ఎటు మొగ్గితే ఏం దక్కుతుందో లెక్క చూసుకుంటూ బతకడం ఈ కుటుంబానికి పుట్టుకతోనే అలవడింది.

గ్రీసులో సన్యాసుల నిలయమైన అథోస్ కొండ మీది హిలందార్ మఠానికి 1198లో నెమాన్య ఇచ్చిన దానపత్రాన్ని చూడండి. దేవుడు భూమ్యాకాశాలను సృష్టించాడన్న మాటతో అది మొదలవుతుంది. గ్రీకులకు చక్రవర్తులను, హంగేరీవారికి రాజులను ఇచ్చిన దేవుడే మా ముత్తాతలకూ తాతలకూ ఈ సెర్బియా నేలను ఏలే హక్కు ఇచ్చాడని, పోగొట్టుకున్న తాతల సొత్తును నేను తిరిగి నిలబెట్టానని చెబుతుంది. ఏ తాత? ఏ ముత్తాత? ఒక్క పేరూ లేదు. పొరుగువారి చక్రవర్తుల సరసన తన కుటుంబాన్ని కూర్చోబెట్టే చోటే పూర్వీకుల పేర్లు చెప్పకపోవడం చిన్న విషయం కాదు. చెప్పుకోదగినవి ఉంటే చెప్పేవాడే. పేర్లు లేని చోట దేవుడి సంకల్పాన్ని ఉంచాడు.

ఆయన ఎదిగిన తీరులోనూ వారసత్వం కంటే తెగువే ఎక్కువ కనిపిస్తుంది. అన్నదమ్ములు నలుగురు: తిహొమీర్, స్త్రసిమీర్, మిరోస్లావ్, నెమాన్య. పెద్దవాడు తిహొమీర్ మహా జుపాన్, అంటే ప్రభువులందరికీ పెద్ద. బైజాంటైన్ చక్రవర్తి మాన్యుయెల్ కొమ్నెనోస్ మాత్రం చిన్నవాడైన నెమాన్యను నీష్ నగరంలో కలిసి, ఇప్పటి లెస్కొవాట్స్ ప్రాంతంలో సొంత భూమి ఇచ్చాడు. అన్నదమ్ముల మధ్య చిచ్చు ఉంటేనే సామ్రాజ్యానికి సుఖం. అన్నల అనుమతి లేకుండా నెమాన్య చర్చి కట్టించాడు. అన్నలు అతన్ని సంకెళ్లు వేసి గుహలో బంధించారు. సెయింట్ జార్జ్ వచ్చి విడిపించాడని కొడుకు స్టెఫాన్ రాసిన జీవితచరిత్ర చెబుతుంది. ఆ మొక్కు తీర్చుకోవడానికి కట్టించిన చర్చి నొవి పజార్ పక్క కొండ మీద ఇప్పటికీ ఉంది. తరువాత పాంతినో దగ్గర జరిగిన యుద్ధంలో చక్రవర్తి ఇచ్చిన సేనలతో వచ్చిన తిహొమీర్ ఓడిపోయి సిత్నిత్సా నదిలో మునిగి చనిపోయాడు. అన్న శవం మీదుగా మొదలైన వంశం ఇది. ఆ మరక ఎప్పటికీ వదల్లేదు.

1172లో మాన్యుయెల్ స్వయంగా దండెత్తి వచ్చినప్పుడు నెమాన్య మెడకు తాడు కట్టుకుని, చెప్పులు లేకుండా ఎదురు వెళ్లి లొంగిపోయాడు. చక్రవర్తి ఆయనను కాన్‌స్టాంటినోపుల్ విజయోత్సవంలో ఊరేగించాడు. ఆనాటి గ్రీకు పండితుడు యూస్టేథియస్ తన ప్రసంగంలో ఒక దృశ్యం వర్ణించాడు. రాజభవనం గోడల మీద చక్రవర్తి విజయాల చిత్రాలున్నాయి. వాటిలో నెమాన్య తిరుగుబాటు, పరుగు, లొంగుబాటు కూడా ఉన్నాయి. పొడవాటి ఆ బందీ తన ఓటమినే గోడ మీద చూస్తూ నిలుచున్నాడు. ఈ వంశం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే ఘట్టం ఇదే. గోడ మీద బొమ్మ వేయించగలిగినవాడిదే చరిత్ర అన్న సంగతి నెమాన్య అక్కడ కళ్లారా చూశాడు. ఆయన సంతానం ఆ తరువాత గోడలను ఖాళీగా వదలలేదు.

1180లో మాన్యుయెల్ మరణించాడు. సామ్రాజ్యం తడబడింది, నెమాన్య వేచి చూడలేదు. హంగేరీ రాజుతో కలిసి నీష్, సోఫియా దాకా వెళ్లాడు. ఇప్పటి మాంటెనెగ్రోలోని జేటా ప్రాంతాన్ని, కోటోర్ సహా అడ్రియాటిక్ తీర పట్టణాలను కలుపుకున్నాడు. 1189లో మూడో క్రూసేడుకు వెళుతున్న జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాకు నీష్‌లో విందు ఇచ్చి పొత్తు ప్రతిపాదించాడు. ఆ తరువాత మొరావా నది దగ్గర మళ్లీ బైజాంటైన్ సేనల చేతిలో ఓడినా, ఆ ఓటమి ఒప్పందంలోనే లాభం గిట్టించుకున్నాడు. రెండో కొడుకు స్టెఫాన్‌కు చక్రవర్తి ఇంటి పిల్ల ఎవ్దోకియాతో పెళ్లి కుదిరింది. ఆమె తండ్రి అలెక్సియోస్ 1195లో తానే చక్రవర్తి అయ్యాడు.

మరుసటి ఏడాదే, 1196లో, నెమాన్య రాస్‌లో సభ పిలిచి సింహాసనం వదిలేశాడు. పెద్ద కొడుకు వుకాన్‌ను జేటాకు పరిమితం చేసి, చక్రవర్తి అల్లుడైన స్టెఫాన్‌కు పట్టం కట్టాడు. తానూ చిన్నవాడిగా పుట్టి అన్నను తోసి వచ్చినవాడే కదా! వుకాన్ దాన్ని మరిచిపోలేదు. 1202లో హంగేరీ అండతో తమ్ముణ్ని వెళ్లగొట్టాడు. స్టెఫాన్ ఏడాది, రెండేళ్లలోనే తిరిగి వచ్చినా దేశం రెండు ముక్కలైనంత పనైంది. ఎవ్దోకియాను స్టెఫాన్ అప్పటికే పంపేశాడు. 1204లో క్రూసేడర్లు కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టాక, ఆ దండయాత్ర నడిపిన వెనిస్ అధినేత దాందోలో మనవరాలు అన్నాను పెళ్లి చేసుకున్నాడు. మామగారి సామ్రాజ్యాన్ని కూల్చినవాడి మనవరాలు ఆమె.

ఇక్కడ కథను మలుపు తిప్పినవాడు చిన్న కొడుకు రాస్త్కో. రాజ్యం వద్దని యువకుడిగానే అథోస్ కొండకు పారిపోయి సావా పేరుతో సన్యాసం తీసుకున్నాడు. సింహాసనం దిగిన తండ్రి కూడా సిమియోన్ అనే సన్యాసిగా కొడుకు దగ్గరికే చేరాడు. ఇద్దరూ కలిసి పాడుబడిన హిలందార్ మఠాన్ని బాగుచేయించారు. 1199లో సిమియోన్ అక్కడే కన్నుమూశాడు. వుకాన్, స్టెఫాన్ ఒకరి మీద ఒకరు కత్తులు దూస్తున్న రోజుల్లో సావా తండ్రి భౌతికకాయాన్ని సెర్బియాకు తెచ్చాడు. తండ్రి కట్టించిన స్టుడెనిత్సా మఠంలో సమాధి చేసి, ఆ సమాధి ఎదుట అన్నలిద్దరినీ రాజీ పరిచాడు. సమాధి నుంచి పవిత్ర తైలం స్రవించిందని ప్రకటించారు, నెమాన్య సాధువయ్యాడు, అంటే చర్చి కొలిచే పునీతుడు. ఆయన జీవితాన్ని సావా రాశాడు, స్టెఫానూ రాశాడు. కొడుకులే తండ్రికి పవిత్రత కట్టబెట్టిన సందర్భం ఇది. భక్తి అబద్ధమని నేను అనను. సావా తండ్రిని నిజంగానే ఆరాధించాడని ఆ రాత చదివినవారికి తెలుస్తుంది. కానీ అదే భక్తి కుటుంబానికి ఏ పూర్వీకుడూ ఇవ్వలేనిది ఇచ్చింది. తాతల పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, వేరు దగ్గర సాధువు ఉన్నాడు.

మిగిలిన రెండు పునాదులను అన్నదమ్ములు చెరో వైపు నుంచి తెచ్చారు. 1217లో స్టెఫాన్ రోమ్ పోప్ మూడో హొనోరియస్ పంపిన కిరీటం ధరించి రాజయ్యాడు. 1219లో సావా నిసియా వెళ్లి, అక్కడ ప్రవాసంలో ఉన్న గ్రీకు చర్చి పెద్ద అయిన పేట్రియార్క్ నుంచి సెర్బియాకు స్వతంత్ర ఆర్చిబిషప్ పదవి సాధించాడు. కిరీటం పడమటిది, చర్చి తూర్పుది. రెంటిలో ఏదీ రెండోదాన్ని మింగకుండా చూసుకోవడంలోనే వారి నేర్పు ఉంది. తరువాతి తరంలో, స్టెఫాన్ కొడుకు ఉరోష్ కాలంలో సాక్సన్ గని కార్మికులు వచ్చి వెండి తవ్వడం మొదలుపెట్టాక చర్చిలు కట్టడానికి డబ్బుకు కొదవ లేకపోయింది.

ఇంత పవిత్రత ఉన్న కుటుంబంలో వారసత్వానికి స్థిరమైన నియమం లేకపోవడమే పెద్ద లోపం. స్టెఫాన్ కొడుకు రాడోస్లావ్‌ను తమ్ముడు వ్లాదిస్లావ్ దించాడు. వ్లాదిస్లావ్‌ను తమ్ముడు ఉరోష్ దించాడు. ఉరోష్‌ను 1276లో కొడుకు డ్రాగుటిన్ యుద్ధం చేసి దించాడు. డ్రాగుటిన్ గుర్రం మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని 1282లో తమ్ముడు మిలుటిన్‌కు రాజ్యం అప్పగించాడు, తరువాత ఇద్దరూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. తిరగబడిన కొడుకు స్టెఫాన్ కళ్లు పొడిపించమని మిలుటిన్ ఆజ్ఞ ఇచ్చాడు. తండ్రి పోయాక ఆ కొడుకు కట్లు విప్పి, తనకు చూపు ఉందని, సెయింట్ నికోలస్ దయవల్ల తిరిగి వచ్చిందని చెప్పి రాజయ్యాడు. ఆయనే డెచాన్‌స్కీగా పేరుపొందిన రాజు. 1330లో వెల్బజ్డ్ దగ్గర బల్గేరియాను చిత్తు చేసిన మరుసటి ఏడాదే కొడుకు దుషాన్ ఆయనను పట్టుకుని జ్వెచాన్ కోటలో పెట్టాడు. ఆయన అక్కడే మరణించాడు, చంపించారన్నదే ఎక్కువమంది చరిత్రకారుల మాట. తిహొమీర్ మునిగిపోయిన పాంతినో ఆ కోటకు దగ్గరలోనే ఉంది.

సరిగ్గా ఈ నెత్తుటి దశాబ్దాల్లోనే చర్చి గోడల మీద వంశవృక్షం మొలిచింది. మిలుటిన్ కొసొవోలో కట్టించిన గ్రాచానిత్సా చర్చిలో, 1321 ప్రాంతంలో వేసిన చిత్రం ఉంది. క్రీస్తు పూర్వీకులను దావీదు రాజు తండ్రి యెష్షయి నుంచి మొలిచిన చెట్టుగా చూపే పాత క్రైస్తవ చిత్రరీతిని తీసుకుని, దాని స్థానంలో తమ కుటుంబాన్ని పెట్టుకున్నారు. అడుగున సన్యాసి వస్త్రాల్లో నెమాన్య. ఆయన నుంచి ద్రాక్షతీగలా పైకి పాకే కొమ్మల్లో కొడుకులు, కూతుళ్లు, మనవలు. పైన మిలుటిన్, ఆ పైన ఆశీర్వదిస్తున్న క్రీస్తు. తీగ నెమాన్య దగ్గరే మొదలవుతుంది. జవిదా లేడు, తిహొమీర్ లేడు. దించినవారూ దిగినవారూ ఒకే తీగకు పూసినట్టు ప్రశాంతంగా నిలుచుంటారు.

డెచాని మఠంలోని తీగ మరీ ఆశ్చర్యపరుస్తుంది. ఆ చర్చిని డెచాన్‌స్కీ 1327లో మొదలుపెట్టించాడు, కోటోర్‌కు చెందిన వీటా అనే కేథలిక్ సన్యాసి చేత. తండ్రిని దించిన దుషానే దాన్ని పూర్తి చేయించాడు. అక్కడి వంశవృక్షం పైభాగాన దుషాన్ ఉన్నాడు, తండ్రి కూడా అదే తీగలో ఉన్నాడు. 1343లో తండ్రి సమాధి తెరిచి ఆయననూ సాధువుగా ప్రకటించారు. హంతకుడన్న నింద మోస్తున్న కొడుకుకు హతుడి పవిత్రత అక్కరకు వచ్చింది! దుషాన్ 1346లో స్కోప్యేలో, ఈస్టర్ నాడు, సెర్బులకూ గ్రీకులకూ చక్రవర్తిగా పట్టాభిషేకం చేయించుకున్నాడు. అందుకోసం ముందుగా సెర్బియా ఆర్చిబిషప్‌ను పేట్రియార్క్ చేశాడు. కాన్‌స్టాంటినోపుల్ ఈ చర్యను శపించి వెలివేసింది. 1349లో ఆయన ప్రకటించి 1354లో విస్తరించిన ధర్మశాస్త్రం, చక్రవర్తి కోపంతోనో ప్రేమతోనో చట్టానికి విరుద్ధంగా ఉత్తరం రాస్తే న్యాయాధికారులు దాన్ని పట్టించుకోనక్కర్లేదని చెబుతుంది. అంత దూరదృష్టి ఉన్నవాడు తన తరువాతి వారసత్వానికి బలమైన కట్టడి చేయలేకపోయాడు. 1355లో ఆయన పోగానే ప్రభువులు ఎవరికి వారయ్యారు. కొడుకు ఐదో ఉరోష్ 1371 డిసెంబరులో సంతానం లేకుండా చనిపోయాడు. అంతకు రెండు నెలలకు కాస్త ముందే మరిత్సా నది దగ్గర ఒట్టోమన్లు సెర్బు ప్రభువులను తుడిచిపెట్టారు.

తీగకు అడుగు వేళ్లు ఆ తరువాతే పెరిగాయి. పదిహేనో శతాబ్దంలో రాసిన సెర్బు వంశావళులు నెమాన్యను రోమన్ చక్రవర్తి లిసీనియస్ దాకా తీసుకెళ్లాయి. లిసీనియస్‌ను సెర్బుగా మార్చేశాయి. కారణం స్పష్టం: లిసీనియస్ భార్య కాన్‌స్టాంటియా, క్రైస్తవులకు ఆరాధ్యుడైన కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి సవతి చెల్లెలు. కాన్‌స్టాంటైన్ పుట్టినది నీష్‌లోనే. ఆడపడుచు వైపు నుంచైనా ఆ రక్తం తమలోకి రావాలి. నెమాన్య దానపత్రంలో ఖాళీగా ఉన్న చోటు రెండు శతాబ్దాల తరువాత ఇలా నిండింది.

ఈ చరిత్రను నేడు ఆస్తి దస్తావేజులా చదవడం నాకు బాధ కలిగిస్తుంది. సెర్బులూ అల్బేనియన్లూ తగాదా పడుతున్న కొసొవోలోని డెచాని, గ్రాచానిత్సా, పేచ్, ప్రిజ్రెన్‌లోని ల్యేవిష్ చర్చి 2006 నుంచి యునెస్కో ప్రమాద జాబితాలో ఉన్నాయి. 2004 మార్చి అల్లర్లలో ల్యేవిష్ తగలబడింది. గోడ మీది తీగను చూపి ఈ నేల మాది అనేవారు ఒక వైపు, ఆ తీగ తమకు సంబంధం లేనిదని నిప్పు పెట్టేవారు మరో వైపు. ఆ గోడలను కాపాడవలసినది వాటి మీద ఉన్న రాజుల హక్కుల కోసం కాదు, అంత గొప్ప చిత్రకళ కోసం, మధ్యయుగ రాజ్యం తనను తాను ఎలా ఊహించుకుందో అంత స్పష్టంగా చెప్పే సాక్ష్యం కోసం.

రక్తమే ముఖ్యమైతే నెమానిచ్‌ల వారసుడు బోస్నియా పాలకుడు ట్వర్ట్‌కో కావాలి. ఆయన డ్రాగుటిన్ కూతురి మనవడు. ఆ హక్కుతోనే 1377లో సెర్బులకూ బోస్నియాకూ రాజుగా కిరీటం పెట్టుకున్నాడు, స్టెఫాన్ అన్న రాచపేరూ చేర్చుకున్నాడు. మొరావా లోయ ప్రభువు లాజర్‌కు ఆ రక్తం లేదు. భార్య మిలిత్సాకు ఉంది, అదీ నెమాన్య పక్కన పెట్టిన వుకాన్ శాఖ నుంచి. కానీ లాజర్ సావా దారి పట్టాడు. 1375లో సెర్బియా చర్చికీ కాన్‌స్టాంటినోపుల్‌కూ మధ్య వెలి తొలగించి సయోధ్య కుదిర్చాడు, మఠాలు కట్టించాడు, తన దానపత్రాల్లో తానూ స్టెఫాన్ అని రాసుకున్నాడు. 1389లో కొసొవో యుద్ధంలో తల నరికించుకున్నాక, ఏడాది రెండేళ్లలోనే ఆయన దేహాన్ని తాను కట్టించిన రవానిత్సా మఠానికి మోసుకెళ్లి సాధువుగా కొలవడం మొదలుపెట్టారు. ట్వర్ట్‌కో తరువాతి బోస్నియా రాజులు 1463లో ఒట్టోమన్లు వచ్చేదాకా సెర్బుల రాజు అన్న బిరుదు వాడుతూనే ఉన్నారు. సెర్బియాలో మాత్రం నెమానిచ్‌ల తరువాతి పేరుగా జనం లాజర్‌నే తలుచుకున్నారు.