గ్యాప్‌డీహెచ్ ఎందుకు వాడలేదట!

ఇప్పుడే మెయిల్ వచ్చింది. జర్నల్ వాళ్ళు పరిశీలించమని పంపిన మా పేపర్‌ని ఐదు నెలలు ఒళ్ళో పెట్టుకుని పొదిగిన రెండో రెవ్యూయర్ గారు చివరికి పిల్లని బయటికి వదిలారు. "రచయితలు, ఎవరూ వాడని రిఫరెన్స్ జీన్లు వాడారు. అందరూ వాడే గ్యాప్‌డీహెచ్‌తో ఫలితాలన్నీ మళ్ళీ లెక్కగట్టి చూపాలి." (రిఫరెన్స్ జీన్ అంటే కొలతకి కొలబద్దగా పక్కన పెట్టుకునే జీన్. గ్యాప్‌డీహెచ్ అలా వాడే జీన్లలో ఒకటి.) అంతే. ఐదు నెలలకి రెండు వాక్యాలు. ఒళ్ళు మండిపోయి ల్యాబ్ కోటు కూడా విప్పకుండా ఇది టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుపొండి.

అయ్యా రెవ్యూయర్ గారూ, అది మెదడండీ. అందులోనూ స్ట్రోక్ తగిలిన ఎలుక మెదడు. రక్తం అందక, ఆక్సిజన్ అందక, గ్లూకోజ్ అందక విలవిల్లాడిన కణజాలం. గ్యాప్‌డీహెచ్ ఏం చేస్తుందో గుర్తుందా? గ్లూకోజ్‌ని విరిచి శక్తి తీసే గ్లైకాలసిస్‌లో ఆరో మెట్టు దానిదే. ఆక్సిజన్ తగ్గగానే హిఫ్-1 అనే ప్రోటీన్ లేచి గ్లైకాలసిస్ జీన్లన్నిటినీ తట్టి లేపుతుంది. అంటే మేం ఏ దెబ్బ గురించి చదువుతున్నామో ఆ దెబ్బకే ఎగిరిపడే జీన్‌ని "మారని జీన్" అని నమ్మి పక్కన పెట్టుకోవాలన్నమాట. కణం రోజువారీ పనులు ఎప్పుడూ ఒకేలా చూసుకుంటుందని దీనికి హౌస్‌కీపింగ్ జీన్ అని పేరొకటి. ఇల్లు తగలబడుతుంటే హౌస్‌కీపింగ్ వాళ్ళు రోజూలాగే చీపురు పట్టుకుని ఊడుస్తారా?

ఈ గొడవేంటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. క్యూపీసీఆర్‌లో (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి, సైకిల్ సైకిల్‌కీ రెట్టింపు చేస్తూ కొలిచే పద్ధతి) ఒక జీన్ ఎంత పలుకుతోందో, అంటే దాని ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలవాలంటే ట్యూబుకీ ట్యూబుకీ ఆర్‌ఎన్‌ఏ ఒకేలా ఉండదు కాబట్టి, మార్పు లేని ఇంకో జీన్‌ని పక్కన పెట్టుకుని దాంతో పోల్చి చెప్తాం. మెషిన్ ఇచ్చేది సీటీ అనే అంకె: ఎన్నో సైకిల్‌లో సిగ్నల్ గీత దాటిందీ అని. సైకిల్‌కొకసారి రెట్టింపు. కాబట్టి సీటీ ఒక్కటి తగ్గిందంటే సరుకు రెట్టింపు ఉన్నట్టు. ఇప్పుడు చూడండి. నా జీన్ సీటీ మెదడులో మంచివైపు 25.3, దెబ్బ తగిలినవైపు కూడా 25.3. అసలు కదల్లేదు. గ్యాప్‌డీహెచ్ మాత్రం మంచివైపు 18.2, దెబ్బవైపు 17.1. తేడాలు తీస్తే ఒకచోట 7.1, ఇంకోచోట 8.2. లెక్క ఏం చెప్తుందో తెలుసా? నా జీన్ సగానికి పైగా పడిపోయిందట! కదలకుండా కూర్చున్నదాన్ని పడిపోయిందంటుంది, ఎగిరినదాన్ని అడిగేవాడు లేడు. కొలబద్ద సాగితే బట్ట కురచైందని ఏడ్చినట్టు.

"అయితే బీటా ఆక్టిన్ వాడొచ్చుగా" అని కామెంట్ పెట్టబోయే మహానుభావులు కాసేపు ఆగండి. ఆక్టిన్ కణం అస్థిపంజరం. న్యూరాన్ల ముళ్ళ దగ్గర్నుంచి ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకి అండగా ఉండే కణాలు) ఉబ్బడం దాకా, మైక్రోగ్లియా (మెదడు కాపలా కణాలు) కాళ్ళు ముడుచుకుని రూపం మార్చుకునేదాకా అన్నిటికీ ఆక్టినే కావాలి. గాయపడ్డ మెదడులో అది కదలకుండా ఉంటుందని ఎవరు చెప్పారు మీకు? ఇంకో బ్యాచ్ ఉంటుంది, 18ఎస్ అనే రైబోజోముల ఆర్‌ఎన్‌ఏతో పోల్చే బ్యాచ్. మొత్తం ఆర్‌ఎన్‌ఏలో దాదాపు 80 శాతం రైబోజోముల ఆర్‌ఎన్‌ఏనే. పది సైకిళ్ళకే గీత దాటేసే దాన్ని, పాతిక దాటాక గానీ కనపడని జీన్ పక్కన నిలబెట్టి పోలిక పెడతారు. పైగా దానికి పాలీ-ఏ తోక ఉండదు. ఆ తోకనే పట్టుకునే ఓలిగో డీటీ ప్రైమర్‌తో సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు) చేసి 18ఎస్‌తో నార్మలైజ్ చేసిన, అంటే దాంతో పోల్చి సరిచేసిన పేపర్ నేను కళ్ళారా చూశాను. పట్టుకోవడానికి తోకే లేనిదాన్ని ఎలా పట్టుకున్నారో వాళ్ళకే తెలియాలి.

అసలు మూడు రోజుల తర్వాత ఆ ముక్క అదే ముక్క కాదండీ. న్యూరాన్లు చచ్చిపోయి ఉంటాయి, మైక్రోగ్లియా వచ్చి గుంపు కడతాయి, రక్తంలోంచి కూడా కణాలు జొరబడతాయి. జనాభాయే మారిపోయిన చోట "సగటు" అంటే ఏ సగటు? అందుకే ఏ జీన్ మారదో ముందు చూసుకోవాలి, ప్రతి కణజాలానికీ, ప్రతి మోడల్‌కీ.

మేం చూసుకున్నాం కాబట్టే ఈ కడుపుమంట. పది జీన్లు, పన్నెండు ఎలుకలు, ఒక్కోదానికి రెండు వైపులు, ప్రతిదీ మూడేసిసార్లు. 720 వెల్స్, అంటే ప్లేట్‌లో బుల్లి గుంటలు. మా దగ్గరున్నది 96 వెల్స్ మెషిన్, కాబట్టి ఎనిమిది ప్లేట్లు. ఏడో వరసలో ఎవరో తలుపు తట్టి పిలుస్తారు, ఏ వెల్‌లో వేశామో ఏది వెయ్యలేదో మర్చిపోతాం. అప్పుడు ప్లేట్‌ని లైటుకి అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి, అడుగున రెండు మైక్రోలీటర్ల తడి మెరుస్తోందా లేదా అని వెతుక్కోవడం. ఆ రెండు వారాలూ నా మెడ నాది కాదు. చివరికి మా కణజాలంలో నిలకడగా నిలబడ్డవి హెచ్‌పీఆర్‌టీ, సైక్లోఫిలిన్ ఏ, ఇంకా నోరు తిరగని ఆ వైడబ్ల్యూహెచ్‌ఏజెడ్. మూడిటి గుణమధ్యమంతో (జామెట్రిక్ మీన్) నార్మలైజ్ చేశాం. మీరూ ఇవే వాడండి అనట్లేదు, మీ ముక్కలో మీరు చూసుకోండి. ఇదంతా సప్లిమెంటరీ ఫిగర్ 2లో బొమ్మ గీసి మరీ పెట్టాం. రెవ్యూయర్ గారు ఆ ఫైలు తెరిచి ఉంటే ఒట్టు!

మధ్యలో ఒక తమాషా చెప్పాలి. ఏ జీన్లు నిలకడగా ఉన్నాయో లెక్కగట్టే జీనార్మ్ అనే ప్రోగ్రాంలో వేస్తే మొదట్లో గ్యాప్‌డీహెచ్, పీజీకే1 రెండూ నిలకడ జాబితాలో చక్కగా పైన కూర్చున్నాయి. రెండూ గ్లైకాలసిస్ జీన్లే, పక్కపక్క మెట్లే. ఒకటి లేస్తే రెండోది కూడా లేస్తుంది. జీనార్మ్ చూసేది జీన్ల మధ్య నిష్పత్తి నిలకడగా ఉందా అని. కలిసి లేచేవాటి నిష్పత్తి నిలకడగానే ఉంటుంది కదా! దొంగకి దొంగ సాక్ష్యం. నార్మ్‌ఫైండర్ అనే ఇంకో ప్రోగ్రాం అయితే గ్రూపుకీ గ్రూపుకీ తేడా విడిగా చూస్తుంది కాబట్టి రెండిటినీ చెవి పట్టుకుని కిందకి దింపింది. అలా దొరికిపోయాయి.

ఇదేం నిన్న మొన్న కనిపెట్టిన విషయం కాదు. ఒక్క జీన్‌ని నమ్ముకోవద్దు, కొన్నిటి సగటు తీసుకోండి అని జీనార్మ్ వచ్చింది 2002లో. నార్మ్‌ఫైండర్ 2004. అది మారదని రుజువు చూపకుండా ఒకే జీన్‌తో నార్మలైజ్ చెయ్యడం కుదరదని, క్యూపీసీఆర్ ఎలా చేసి ఎలా రాయాలో చెప్పే మైక్యూ మార్గదర్శకాలు వచ్చింది 2009లో. 2025లో దానికి రెండో రూపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళలో ఎలుకలు ఎన్ని తరాలు మారాయో గానీ రెవ్యూయర్లు మాత్రం మారలేదు.

కంట్రోళ్ళు (ఫలితం నిజమేనా అని సరిచూసే ట్యూబులు) సరిగా లేని పీసీఆర్ ఏం చేస్తుందో లోకం చూసింది కూడా. పేగుల్లో తట్టు వైరస్ దొరికిందన్న పీసీఆర్ ఫలితాలని పట్టుకుని టీకా వల్లే ఆటిజం అని అమెరికాలో కేసులు నడిచాయి. 2007 విచారణలో పీసీఆర్ నిపుణుడు స్టీఫెన్ బస్టిన్ వెళ్ళి ఆ డేటా విప్పి చూపించాడు. తట్టు వైరస్ ఆర్‌ఎన్‌ఏ వైరస్. రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చడం) చెయ్యని ట్యూబుల్లో కూడా సిగ్నల్ వస్తోందంటే అది డీఎన్‌ఏ కలుషితం. అంతే, గాలి తీసేశాడు. తర్వాత మైక్యూ రాసినవాళ్ళలో మొదటి పేరూ ఆయనదే. ఇది ఎందుకు చెప్తున్నానంటే... ఏమో, కోపంలో ఉన్నా, గుర్తొచ్చింది, చెప్పేశా. గ్యాప్‌డీహెచ్‌కి జీనోమ్‌లో పదుల కొద్దీ సూడోజీన్లు (పనికిరాని నకళ్ళు) ఉన్నాయి కదా, డీఎన్‌ఏ మిగిలిపోతే అవి కూడా పలుకుతాయి. అదీ సంబంధం.

నిజం చెప్పాలంటే ఈ మంట ఇవాళ్టిది కాదు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన రాసిన పేపర్ చేతిలో పెట్టి, ఇక్కడ్నుంచి మొదలుపెట్టు అన్నారు. స్ట్రోక్ తర్వాత ఫలానా జీన్ సగానికి పడిపోతుందని ఆ పేపర్. ఎనిమిది నెలలు. ప్రైమర్లు మార్చాను, కిట్ మార్చాను, డీఎన్‌ఏని తినేసే డీఎన్‌ఏస్ రెండుసార్లు పెట్టాను. నా జీన్ పడదే! ప్రతి సోమవారం ల్యాబ్ మీటింగ్‌లో నిలబడి "పడలేదు సార్" అని చెప్పడం, గైడ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "చెయ్యి కుదరాలమ్మా, ఆయన చేతిలో వచ్చింది కదా" అనడం. నేను హెచ్‌పీఆర్‌టీ పెట్టాను, ఆయన గ్యాప్‌డీహెచ్ పెట్టారు, తేడా అంతే సార్ అని చెప్పేంత తెలివీ లేదు, తెలిశాక చెప్పేంత ధైర్యమూ లేదు. ప్రోటీన్ అయినా పడుతుందేమోనని వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్‌ని బ్యాండ్లుగా చూపే పరీక్ష) చేస్తే, పోల్చుకోవడానికి లోడింగ్ కంట్రోల్‌గా ఏం పెట్టమన్నారనుకుంటున్నారు? గ్యాప్‌డీహెచ్! ఎటు తిరిగినా ఆ 37 కిలోడాల్టన్ల బ్యాండే నల్లగా, లావుగా, వెక్కిరిస్తూ.

ఆ ఎనిమిది నెలలూ నా చెయ్యే బాగోలేదని నేను కూడా నమ్మాను. పిపెట్‌ని కాలిబ్రేషన్‌కి పంపించాను, అదీ నా పిచ్చి.

ఇప్పుడు రెవ్యూయర్ గారి మూడో పాయింట్ చెప్తాను, దాచిపెట్టాను ఇందాకట్నుంచీ. "రచయితలు ఈ ముఖ్యమైన పేపర్‌ని కూడా చర్చలో ఉదహరించాలి" అట. ఏ పేపర్ అనుకుంటున్నారు? అదే. ఆ సీనియర్ పేపరే. రెవ్యూయర్ ఎవరో నేను చెప్పను, నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. మీరు కూడా కామెంట్లలో ఊహించకండి, నాకు ఇంకా ఉద్యోగం రావాలి.

సరే, అడిగారు కదా, గ్యాప్‌డీహెచ్ సీటీలు ఎలాగూ ఉన్నాయి, ఇందాక కూర్చుని మొత్తం మళ్ళీ లెక్కగట్టాను. ఏం జరిగిందో చూడండి. కదలని నాలుగు జీన్లు నాలుగూ సగానికి పడ్డాయి. ఒకదానికీ ఇంకోదానికీ చుట్టరికం లేదు, అన్నీ ఒకే ఎత్తునుంచి ఒకే లోతుకి దూకాయి. నాలుగు రెట్లు పెరిగిన ఇన్‌ఫ్లమేషన్ జీన్ రెండు రెట్లు కూడా కాకుండా పోయింది. ఆ ఎనిమిది నెలల జీన్? పడింది. అచ్చం పేపర్లో ఉన్నట్టే, అంతే పొడుగు బార్, పైన తేడా గట్టిదని చెప్పే అదే చుక్కతో. నా చేత్తోనే.

దీన్ని సప్లిమెంటరీ ఫిగర్ 7గా పెట్టి పంపుతున్నా. ఫిగర్ 2 తెరవనాయన 7 దాకా వస్తారా అంటే, అది వేరే సంగతి.