సుజ్దల్‌కి ఒక్క పూట చాలదండీ

"మాస్కో నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు" అని రష్యాలోని సుజ్దల్ అనే పాత ఊరి గురించి ఒక ప్రయాణ వ్యాసంలో రాశారు. నేనైతే ఒప్పుకోను. ఆ ఊరికి రైలే లేదు. దగ్గర్లోని వ్లదీమిర్ నగరంలో రైలు దిగి బస్సెక్కాలి. 220 కిలోమీటర్లు పడి వెళ్ళి, నీలి గుమ్మటాల మీద బంగారు చుక్కలున్న ఆ చర్చి ముందు ఫొటో దిగి వచ్చేస్తే ఏం చూసినట్టు?

మేం రెండు రాత్రులున్నాం. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాకే అసలు ఊరు కనిపించింది. పదివేల జనాభా కూడా ఉంటుందో లేదో. కామెన్కా ఏటి ఒడ్డున గడ్డి, చెక్క ఇళ్ళు, కిటికీల చుట్టూ లేసు అల్లినట్టు చెక్కడాలు. ఒక బామ్మగారు గేటు ముందు స్టూలేసుకుని సీసాల్లో ఉప్పు కీరదోసకాయలు అమ్ముతున్నారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా నా చేతిలో ఒకటి పెట్టి, తినమని సైగ చేశారు. సోయకూర, వెల్లుల్లి వాసన, కరకరలాడే ముక్క. కారం లేదన్న లోటు తప్ప బ్రహ్మాండం! ఆ ఊళ్ళో జులైలో దోసకాయల పండగే చేస్తారు మరి.

అన్నట్టు, మన వీసా, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయడం లేదు. రూబుళ్ళు చేతిలో ఉంచుకోండి. ఆ బామ్మగారి దగ్గర చిల్లర లేక నేను మూడు సీసాలు మోశాను.