హెండన్‌లో హైదరాబాద్ బాంబర్

లండన్ ఉత్తర శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో మొదటి ప్రపంచయుద్ధం నాటి బాంబర్ ఒకటి భద్రంగా ఉంది. పేరు డీహెచ్-9ఏ. పైనొకటి కిందొకటిగా రెక్కలు, కర్ర చట్రం మీద బిగించిన గుడ్డ, 400 అశ్వశక్తి లిబర్టీ ఇంజిన్. దాని ఒంటి మీద హైదరాబాద్ పేరు, కానుకగా ఇచ్చిన నిజాం పేరు రాసి ఉన్నాయి. 1918లో ఫ్రాన్స్ వెళ్లిన బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు (యుద్ధవిమానాల దండుకు) ఈ రకం విమానాలన్నీ సమకూర్చింది మీర్ ఉస్మాన్ అలీ ఖానే. ఆ ఏడాది అక్టోబరు 5న జర్మనీపై బాంబులు వేయడానికి వెళ్లిన ఈ విమానం తిరిగి రాలేదు. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. జర్మన్లు దాన్ని యుద్ధచిహ్నంగా బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో తూర్పుకు తరలిస్తే అది పోలండ్ చేరింది. చివరకు 1977లో బ్రిటన్ క్రాకోవ్ మ్యూజియానికి ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని ఇచ్చి మరీ దీన్ని తెచ్చుకుంది. వాళ్లు అంత ఖరీదు కట్టిన వస్తువు గురించి హైదరాబాద్‌లో ఎందరికి తెలుసు?

యుద్ధం ముగిసేలోగా ఆ స్క్వాడ్రన్ శత్రువు గడ్డపై 17 విమానాలు పోగొట్టుకుంది. మరో 28 ప్రమాదాల్లో దెబ్బతిన్నాయి. పేరుకు కానుకే కానీ, వాటిలో ఎక్కిన కుర్రాళ్లకు అవి యమగండాలు.

విరాళమిచ్చిన ప్రాంతం పేరు స్క్వాడ్రన్‌కు పెట్టేవారు. అలా రెండో యుద్ధంలో హైదరాబాద్ పేరు ఇంకా గట్టిగా వినిపించింది. 1939 సెప్టెంబరు 4న, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, విల్హెల్మ్స్‌హావెన్‌లో జర్మన్ యుద్ధనౌకలపై దాడికి దిగిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో అదే 110వ స్క్వాడ్రన్‌వి ఉన్నాయి. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని కాసిన 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లది హైదరాబాద్ పేరే, 253వ స్క్వాడ్రన్ హరికేన్ ఫైటర్లదీ అదే పేరు. 152 చిహ్నమైతే ఏకంగా నిజాం తలపాగా. దాని నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’ కూడా బ్రిటిష్‌వారు నిజాంకు తగిలించిన బిరుదే.

ఆంధ్ర జిల్లాలు అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ పేరుతోనూ 79, 234, 264 స్క్వాడ్రన్లు నడిచాయి. 264కు దక్కినవి డిఫయంట్లు. ముందుకు కాల్చే తుపాకీ ఒక్కటీ లేని వింత ఫైటర్ అది. పైలట్ వెనకున్న టరెట్‌లోనే, అంటే చుట్టూ తిరిగే తుపాకీ గూటిలోనే, నాలుగు మెషిన్ గన్లు. హరికేన్ అనుకుని వెనక నుంచి మీదపడిన జర్మన్లు మొదట్లో దెబ్బతిన్నారు. కిటుకు తెలిశాక ఎదురుగా, కింది నుంచి కొట్టారు. 1940 ఆగస్టు ముగిసేసరికి డిఫయంట్లను పగటి పోరు నుంచి తప్పించి రాత్రి కాపలాకు మళ్లించాల్సి వచ్చింది.

ఇక మన తీరం సంగతి. 1942 ఏప్రిల్ 5న కొలంబోపై జపాన్ దాడి చేస్తే ఎదుర్కోవడానికి అక్కడ హరికేన్లున్నాయి. మర్నాడు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేస్తే అడ్డుకోవడానికి ఫైటర్లు లేవు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. మద్రాస్ పేరు మోస్తున్న 234, 264 స్క్వాడ్రన్ల ఫైటర్లు మాత్రం ఆ వేళకు వేల మైళ్ల దూరంలో బ్రిటన్‌కు కాపలా కాస్తున్నాయి. పన్ను కట్టినవాడికి లేని రక్షణ పన్ను వసూలు చేసినవాడికి దక్కింది. సామ్రాజ్యం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి ‘మన నిజాం లండన్‌ను కాపాడాడు’ అని జబ్బలు చరుచుకునే ముందు ఆ డబ్బు ఎవరిదో అడగాలి. దివానీ (ప్రభుత్వ) ఖజానా నుంచి వెళ్లినా, నిజాం సొంత జాగీరైన సర్ఫేఖాస్ నుంచి వెళ్లినా అది శిస్తు సొమ్మే. ఆ దుక్కి దున్నింది తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులే. 1965లో దేశ రక్షణకు నిజాం ఐదు టన్నుల బంగారం దానమిచ్చాడన్న కథ ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ వడ్డీ వచ్చే బాండ్లలో. రికార్డులు జనం ముందుకు రానంతకాలం ఇలాంటి పుకార్లదే రాజ్యం. అలాగని ఈ విమానాల కథను బానిసత్వపు మచ్చగా చూసి మూలన పడేయడమూ మాకు సమ్మతం కాదు. వాటిలో కొన్ని నాజీలతో తలపడ్డాయి. 152వ స్క్వాడ్రన్ తర్వాత బర్మా రంగానికి వచ్చి జపాన్‌తోనూ పోరాడింది.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం పాలన నాటి దస్త్రాలున్నాయి. వాటిలో యుద్ధ విరాళాలకు సంబంధించినవి వెలికితీసి, డిజిటల్ ప్రతులతో పాటు తెలుగు అనువాదాన్నీ అందరికీ అందుబాటులో పెట్టే బాధ్యత తెలంగాణ ప్రభుత్వానిది. హెండన్ మ్యూజియం నుంచి ఆ బాంబర్ ఫొటోలు, నకళ్లు తెప్పించుకోవడం అంత కష్టమైన పనేమీ కాదు. ఇక విశాఖ బీచ్ రోడ్డులో 2017 నుంచి టీయూ-142 విమాన మ్యూజియం నడుస్తోంది. సోవియట్ కాలపు ఆ సముద్ర నిఘా విమానాన్ని చూడ్డానికి వచ్చే పిల్లలకు 1942 ఏప్రిల్ 6న అదే ఆకాశంలో ఏం జరిగిందో చెప్పే ఒక గది అక్కడే ఏర్పాటు చేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ఆనాటి దాడిని చూసినవారు ఇంకా ఎవరైనా ఉంటే వారి మాటలు రికార్డు చేయడం మాత్రం రేపటికి వాయిదా వేయదగ్గ పని కాదు. అప్పటి పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దాటింది.